భూమి చూడ్డానికి బయల్దేరే ముందు: హైదరాబాద్ చుట్టుపక్కల కోహౌసింగ్ లెక్కలు

వాట్సాప్‌లో ఒక గ్రూపు పెడతారు. ఆదివారం పొద్దున్నే నాలుగు కార్లలో శంకర్‌పల్లి వైపో యాచారం వైపో బయల్దేరతారు. మామిడితోట పక్కన ఎవరో చూపించిన రెండెకరాలు చూసి మనసు పారేసుకుంటారు. వారం తిరక్కుండా బయానా ఇచ్చేస్తారు. పర్యావరణానికి హాని చేయకుండా పదిమందితో కలిసి బతుకుదాం అనుకున్న గుంపులు ఎక్కువగా ఈ వరసలోనే నడుస్తాయి. రెండేళ్ల తర్వాత మిగిలేది మామూలు ప్లాట్ల ఓనర్ల సంఘం. బోరు ఎండి ఉంటుంది, దారి గురించి పక్క రైతుతో తగువు నడుస్తుంటుంది, ముగ్గురు అమ్ముకుని పోతామంటుంటారు.

ఈ పనిలో భూమి మూడో మెట్టు. మొదటిది మనుషులు, రెండోది నీళ్ల లెక్క. ఈ రెండూ కాగితం మీద తేలాకే ఎన్ని గుంటలు కావాలి, ఎటువైపు కావాలి అన్నది తెలుస్తుంది.

కోహౌసింగ్ అంటే ఆశ్రమం కాదు, గేటెడ్ కమ్యూనిటీ కూడా కాదు. ఎవరి ఇల్లు వారిదే, ఎవరి పొయ్యి వారిదే, ఎవరి జీతం వారిదే. దానికి తోడు అందరికీ కలిపి ఒక ఉమ్మడి ఇల్లు ఉంటుంది. అందులో పెద్ద వంటగది, అందరూ కూర్చుని తినే హాలు, చుట్టాలొస్తే దిగడానికి రెండు గదులు, పనిముట్ల గది, పిల్లలు ఆడుకునే చోటు. కార్లు గేటు దగ్గరే ఆగిపోతాయి, ఇళ్ల మధ్య నడకదారి. ఈ నమూనా డెన్మార్క్‌లో పుట్టింది. 1972లో సెట్టెడామెన్ అనే చోట 27 ఇళ్లతో కట్టినదాన్ని మొదటిదిగా చెబుతారు. మన ఉమ్మడి కుటుంబం లాంటిదేగా అని వచ్చేవాళ్లు మాత్రం తొందరగా నిరాశపడతారు. ఉమ్మడి కుటుంబంలో ఒక పెద్దాయన ఉంటాడు. ఇక్కడ ఆయన చోటులో రాతకోతలు ఉంటాయి.

ఎన్ని ఇళ్లు? పదిహేను నుంచి పాతిక. పన్నెండుకు తగ్గితే సంపు, మురుగుశుద్ధి, ఉమ్మడి ఇంటి ఖర్చు తలా భారమవుతుంది. పైగా రెండు కుటుంబాలకు మాటల్లేకపోతే ఊరంతా రెండు పక్షాలైపోతుంది. ముప్పై దాటితే పిల్లవాడు ఎవరింటివాడో కూడా తెలియదు. కింద లెక్కలన్నీ ఇరవై ఇళ్లు, డెబ్బై మంది, రెండెకరాలు అనుకుని వేసినవి.

మనుషులు, వంటగది

మొదటి ఆరు నెలలు భూమి మాట ఎత్తకండి. నెలకు రెండుసార్లు కలవండి, ప్రతిసారీ వేరే ఇంట్లో. మొదటి కలయికలోనే తలా పదివేలు తిరిగిరాని రుసుముగా తీసుకోండి. లాయరు, సర్వేయరు, నీటి పరీక్షల ఖర్చు అందులోంచే వెళ్తుంది. అంతకన్నా ముఖ్యం, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు. నలభై మందితో మొదలైన గుంపు పదహారుకు దిగితే కంగారు పడకండి. ఆ పదహారే అసలు గుంపు.

ఆ ఆరు నెలల్లో మాట్లాడాల్సినవి సోలార్, మట్టి ఇటుకలు కావు, వాటికి ఇంజనీర్లున్నారు. మాట్లాడాల్సినవి మొహమాటం వల్ల ఎవరూ ఎత్తనివి. ఉమ్మడి వంటగదిలో మాంసం వండొచ్చా? ఇల్లు అద్దెకిస్తే వచ్చినవాళ్లకు ఓటుంటుందా? ఇళ్లలో పనిచేసే అక్కలు ఉమ్మడి భోజనంలో అందరితో కూర్చుని తింటారా? వినాయకచవితి చందా అందరూ ఇవ్వాలా, ఇష్టమున్నవాళ్లా? పంచుకునే గోడ మీద వాస్తు కోసం ఒకరు తలుపు మార్చమంటే? ఒక్కోదానికి ఒక్కో కలయిక కేటాయించి, తేలిందాన్ని తెలుగులోనే రాసి, అందరితో సంతకాలు చేయించండి.

మాంసం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాద్‌లో ఇలాంటి గుంపులు విడిపోయేది నీళ్ల దగ్గర కన్నా దీని దగ్గరే అని నా నమ్మకం. "ఎవరిష్టం వాళ్లది" అని రాసుకుంటే అది నిర్ణయం కాదు, వాయిదా. పనిచేసే పద్ధతులు రెండే. ఒకటి, ఉమ్మడి వంటగది పూర్తిగా శాకాహారం, మాంసం ఎవరింట్లో వాళ్లు వండుకుంటారు. రెండోది, ఉమ్మడి వంటగదిలోనే విడి పొయ్యి, విడి గిన్నెలు, విడి సింకు, విడి ఫ్రిజ్, వాటికి విడి గట్టు. రెండో పద్ధతికి ఓ యాభై, అరవై చదరపు అడుగులు అదనంగా కావాలి, కాబట్టి నక్షా గీయకముందే తేలాలి. ఏదైనా పర్లేదు కానీ, గృహప్రవేశం తర్వాత తేల్చుకుందామంటే తేలదు.

వంట వంతులు ఇలా కుదురుతాయి. ఉమ్మడి భోజనం రోజూ పెట్టుకోకండి, వారానికి రెండు రాత్రిళ్లు చాలు. వండగలిగే పెద్దవాళ్లు 36 మంది ఉన్నారనుకుంటే, పూటకు ముగ్గురు చొప్పున ఒక్కొక్కరికి ఆరు వారాలకోసారి వంతు వస్తుంది. అందులో మగవాళ్లకు మినహాయింపు లేదని మొదటి పేజీలోనే రాయండి. డెబ్బై మందికి ఏడు కిలోల బియ్యం, రెండున్నర కిలోల కందిపప్పు, ఒక కూర, చారు, పెరుగు. అంతకు మించి మెనూ పెంచితే మూడో నెలకల్లా పోటీ మొదలవుతుంది, ఆరో నెలకు వంటమనిషిని పెడదామంటారు. వంటమనిషిని పెట్టాక అది మెస్సే.

నిర్ణయాల గురించి రెండు ముక్కలు. అన్నిటికీ ఏకాభిప్రాయం కావాలంటే మొండివాడిదే రాజ్యం, అన్నిటికీ ఓట్లంటే ఓడినవాళ్లు ముఖం చాటేస్తారు. ఒప్పుకోనివాళ్లు మరో ప్రతిపాదనతో రావాలని, రెండు కలయికల్లో తేలకపోతే మూడోదాంట్లో నాలుగింట మూడొంతుల ఓట్లతో తేల్చాలని పెట్టుకోవడం మధ్యేమార్గం. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ ఒక కుటుంబం వాళ్లు కాకూడదు.

నీళ్ల లెక్క

సర్కారు లెక్కల్లో పట్నం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఫ్లష్‌కు శుద్ధిచేసిన నీళ్లు వాడి, కుళాయిలకు ధార తగ్గించే ఏరేటర్లు పెట్టుకుంటే మంచినీళ్లు 90 లీటర్లతో సరిపోతాయి. డెబ్బై మందికి రోజుకు 6,300 లీటర్లు, ఏడాదికి సుమారు 23 లక్షల లీటర్లు.

వచ్చేదెంత? హైదరాబాద్ వర్షపాతం ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్లు. ఇరవై ఇళ్ల కప్పులు వందేసి చదరపు మీటర్లు, ఉమ్మడి ఇల్లు 300, మొత్తం 2,300 చదరపు మీటర్లు. ఆవిరి, చిందడం పోగా 80 శాతం పట్టుకున్నా 14.7 లక్షల లీటర్లు. వాన మొహం చాటేసి 500 మిల్లీమీటర్లే కురిసిన ఏడాది 9.2 లక్షలు. అంటే కప్పుల మీద పడ్డ నీళ్లతోనే బతికేస్తామనడం కుదరదు, బోరు కావాలి. ఆ బోరులోకి నేల మీది నీళ్లు ఇంకాలి.

కురిసిందంతా దాచాలనుకోవడమూ దండగే. సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది, 15 లక్షల లీటర్ల సంపు కట్టడం ఎవరివల్లా కాదు. తాగడానికి, వంటకు మాత్రం దాచుకోండి. మనిషికి రోజుకు పది లీటర్లు, వానల్లేని 200 రోజులకు డెబ్బై మందికి 1.4 లక్షల లీటర్లు. పది మీటర్ల పొడవు, ఐదు వెడల్పు, మూడు లోతు సంపులో ఇవి పడతాయి. దాన్ని రెండు అరలుగా కట్టండి, ఒకటి కడిగేటప్పుడు రెండోదాంట్లో నీళ్లుంటాయి. వెలుతురు చొరబడకూడదు, గాలిగొట్టానికి దోమల జాలీ ఉండాలి. ఎండాకాలం ట్యాంకరు నీళ్లు దీంట్లో పొయ్యకూడదని గోడ మీదే రాయించండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు మొదటివానను వదిలేసే ఏర్పాటులో ఉంటుంది. కప్పు మీది దుమ్ము, పావురాల రెట్టలు పోవాలంటే మొదటి రెండు మిల్లీమీటర్ల వాన బయటికి వెళ్లాలి. వంద చదరపు మీటర్ల కప్పుకు అది 200 లీటర్లు. ప్లంబర్ మాత్రం ఆరంగుళాల పీవీసీ పైపు ఒక మీటరు నిలబెట్టి, కింద మూత బిగించి ఫస్ట్ ఫ్లష్ అంటాడు. ఆ పైపులో పట్టేది 18 లీటర్లు. దానికన్నా 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, అడుగున చిన్న కుళాయిని సన్నధారగా వదిలేస్తే, డ్రమ్ము నిండాక మంచినీళ్లు పైనుంచి సంపుకు పోతాయి, వాన ఆగాక డ్రమ్ము దానంతటదే ఖాళీ అవుతుంది. కప్పు నుంచి దిగే పైపుల సంఖ్యా అంతే. గంటకు 100 మిల్లీమీటర్ల జడివానలో నాలుగంగుళాల పైపు మోసేది సుమారు 40 చదరపు మీటర్ల కప్పు నీళ్లే. వంద చదరపు మీటర్ల కప్పుకు ఒక్క పైపు పెడితే నీళ్లు పిట్టగోడ మీంచి పొర్లుతాయి.

బోరు పరీక్ష ఏప్రిల్ ఆఖరులోనో మే నెలలోనో చేయాలి. సెప్టెంబరులో అన్ని బోర్లూ గంగమ్మలే. మోటారు ఎనిమిది గంటలు ఆపకుండా నడిపి, గంటగంటకూ 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఆరు నిమిషాలు పడితే గంటకు రెండు వేల లీటర్లు. మొదటి గంటలో ఆరు నిమిషాలు పట్టి, ఎనిమిదో గంటలో పదిహేను పడితే ఆ బోరును నమ్ముకోవద్దు. మనకు కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు. నీళ్లుండేది పైన శిథిలమై పొడిపొడిగా మారిన రాతిపొరలోను, కింద పగుళ్లలోను. పగులు తగలకపోతే వెయ్యి అడుగులు తవ్వినా దుమ్మే. కొత్త బోరుకు నీళ్లు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

నీటి పరీక్షలో చూడాల్సినవి ఫ్లోరైడ్, నైట్రేట్, కరిగిన లవణాలు (టీడీఎస్), గట్టిదనం, మురుగు కలిసిందని చెప్పే కోలిఫామ్ సూక్ష్మజీవులు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చు. నల్గొండ దిక్కు జరిగేకొద్దీ ఈ పరీక్ష తప్పనిసరి. అక్కడ పైన చెప్పిన వాననీటి సంపు ఇక మోజు కాదు, అవసరం.

ఇంకుడుగుంతల్లో జరిగే పొరపాటు ఒక్కటే, బురద. పైన ఇసుక పొర రెండో వానాకాలానికి పూడుకుపోతుంది, గుంత మీద నీళ్లు నిలుస్తాయి, జనం "గుంత పనిచేయట్లేదు" అంటారు. గుంతకు ముందు ఒక చిన్న తొట్టి కట్టి మట్టి అక్కడ తేరుకునేలా చేయండి. ప్రతి మే నెలలో పై ఆరంగుళాల ఇసుక తీసి కడిగి వేయండి. కార్లు నిలిపే చోటి నీళ్లను మాత్రం నేరుగా బోరులోకి దించకండి. నూనె, మురికి ఒకసారి ఆ పగుళ్లలోకి దిగితే తీసేవాడు లేడు.

ఇప్పుడు నేల

నీళ్ల లెక్క తేలాక వెతకండి. నచ్చిన నేలలో తెల్లారగట్ల లేచి మూడడుగుల గుంత తవ్వించండి. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. సాయంత్రం మళ్లీ నింపి, ఒక కర్ర నిలబెట్టి నీటిమట్టం దగ్గర గీత గీయండి, గంట తర్వాత మళ్లీ గీయండి. ఎర్ర చెల్కలో కర్ర మీద రెండు గీతల మధ్య బెత్తెడు జాగా కనిపిస్తుంది. నల్లరేగడిలో ఒక్కోసారి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ దారిలో ఒకే సర్వే నంబరులో సగం ఎర్రనేల, సగం రేగడి ఉండడం మామూలే. అందుకే గుంత ఒకటి కాదు, నాలుగు మూలలా తవ్వాలి. రేగడి వద్దనడం లేదు. కానీ పునాది ఖర్చు పెరుగుతుంది, ఇంకుడుగుంత ఇంకదు, మురుగు శుద్ధిచేసే కంకర తోట (దాని సంగతి కింద ఉంది) వేరే రకంగా కట్టాలి.

వీలైతే బయానా మీద ఒక వానాకాలం గడువు అడగండి. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి, నీళ్లు నిలిచిన అంచు వెంట ముగ్గు పోసుకుంటూ నడిచి, ఆ గీతను నక్షా మీద ఎక్కించండి. ఇళ్లు ఎక్కడ కట్టకూడదో ఏ ఆర్కిటెక్టూ దానికన్నా బాగా చెప్పలేడు.

ఇక కాగితాలు. భూరికార్డుల పోర్టల్‌గా 2020లో ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. కంప్యూటర్లో పచ్చగా కనిపించినంత మాత్రాన చాలదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తాకట్టుల జాబితా), లింకు దస్తావేజులు, 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి పట్టాదారు, సాగుదారు వివరాలు), సేత్వార్ (పాత సర్వే రికార్డు), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) తీయించండి. వెతకాల్సిన పదాలు కొన్ని ఉన్నాయి. ఖాస్రాలో రక్షిత కౌలుదారు పేరుందా? ఉంటే, కౌలుదారుకు యాజమాన్య హక్కిచ్చే 38-ఇ సర్టిఫికెట్ పొందినవాళ్ల వారసులు ఎప్పుడైనా తలుపు తట్టొచ్చు. ఇనాం భూమైతే స్వాధీన హక్కు పత్రం (ఓఆర్‌సీ) ఉందా? అసైన్డ్, భూదాన్, వక్ఫ్, సీలింగ్ మిగులు భూమా? 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా? ఒక్కదానికి నీళ్లు నమిలినా లేచి వచ్చేయండి. అగ్గువకు వస్తోందంటే సాధారణంగా ఈ ప్రశ్నల్లో ఒకదానికి జవాబు లేనట్టే.

చెరువు దగ్గర భూమి చూడముచ్చటగా ఉంటుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు కట్టడాలు ఉండకూడని బఫర్. వాగు, నాలా పది మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు. ఎండాకాలంలో చెరువు కుంచించుకుపోయి కనిపిస్తుంది, ఎఫ్‌టీఎల్ కుంచించుకోదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ తేడా చాలామందికి బుల్డోజర్ శబ్దంతో అర్థమైంది. మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఇంకొకటి చూడాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కాపాడడానికి 1996లో ఇచ్చిన, కట్టడాలకు పగ్గాలు వేసిన జీవో 111 కింద 84 గ్రామాలున్నాయి. 2022లో జీవో 69 దాన్ని సడలించినా, జలాశయాల నీళ్లు చెడకూడదన్న షరతు అలాగే ఉంది. జీవో సంగతి అటుంచి, పచ్చదనం పేరు చెప్పుకుని పట్నం తాగే నీళ్ల మీద ఇళ్లు కట్టడమేమిటో నాకైతే అర్థం కాదు.

ఫామ్ ప్లాట్లు అని ఐదు గుంటలు, పది గుంటలు ముక్కలు చేసి అమ్మేవాటి జోలికి పోవద్దు. లేఅవుట్ అనుమతి లేనిదే ఇంటి అనుమతి రాదు, బ్యాంకు అప్పూ రాదు. నాలా మార్పిడి (ఇక్కడ నాలా అంటే కాలువ కాదు, సాగుభూమిని సాగేతర అవసరాలకు మార్చే అనుమతి) అయిన భూమి, లేదా అయ్యేందుకు అడ్డులేని భూమి చూసుకోండి. రికార్డుల్లో ఉన్న దారి వెడల్పును మీరే టేపు పట్టి కొలవండి.

ఎవరి పేరున?

ఇక్కడ ఒక చిక్కుంది, దీన్ని ముందే పట్టుకునేవాళ్లు తక్కువ. మామూలు లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. అంటే మీరు ముచ్చటపడి పెంచిన ఉమ్మడి తోట చట్టప్రకారం మీది కాదు. అదే ప్లాట్లుగా విడగొట్టకుండా ఇళ్లన్నిటికీ కలిపి గ్రూప్ డెవలప్‌మెంట్ కింద అనుమతి తీసుకుంటే ప్రతి ఇంటికీ భూమిలో అవిభాజ్య వాటా ఉంటుంది, ఉమ్మడి స్థలాలు సంఘం చేతిలో ఉంటాయి. కోహౌసింగ్‌కు రెండోదే నప్పుతుంది. మొత్తం భూమిని సహకార సంఘం పేరున పెట్టి, సభ్యులకు కేటాయింపు మాత్రమే ఇవ్వడం సిద్ధాంతంగా అన్నిటికన్నా అందమైనది. కానీ హోమ్‌లోన్ అడిగిన రోజు బ్యాంకు మేనేజరు ముఖం చూస్తే ఆ అందం కరిగిపోతుంది.

500 చదరపు మీటర్లు దాటిన స్థలం, లేదా ఎనిమిది మించిన ఇళ్లు అమ్మకానికి పెడితే, ఇళ్లు కొనేవాళ్ల రక్షణకున్న రెరా చట్టం కింద నమోదు కావాలి. మన ఇళ్లు మనమే కట్టుకుంటున్నాం కదా అనుకుంటారు. కట్టడం పూర్తికాకుండా బయటివాళ్లకు రెండు ఇళ్లు అమ్మబోతే మీరే బిల్డర్ల లెక్కలోకి రావొచ్చు. అందుకే కుటుంబాల సంఖ్య నిండాకే పార పట్టుకోవడం మంచిది.

గోడలు, కప్పు

మట్టి ఇటుకలంటే ఏ మట్టైనా పనికొస్తుందనుకోవద్దు. పైన అడుగు మట్టి తీసి తోటకు దాచుకోండి, కింది మట్టి చూడండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి పెట్టేయండి. నిమిషంలో ఇసుక అడుక్కు చేరుతుంది, దాని మీద కొన్ని గంటల్లో ఒండ్రు, మర్నాటికి బంకమట్టి. ఇసుక, గులక కలిపి మూడింట రెండొంతులుండి, బంక ఐదో వంతు మించకపోతే ఐదు నుంచి ఎనిమిది శాతం సిమెంటుతో నొక్కిన ఇటుక బాగా వస్తుంది. రేగడి మట్టితో ఆ ఇటుక చేయొద్దు, ఎండితే పగులుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. పని చెడేది ఎక్కువగా రెండుచోట్ల. సిమెంటు కలిపిన మట్టిని భోజనాలయ్యాక నొక్కుదామని వదిలేస్తారు, అప్పటికే అది గట్టిపడడం మొదలెడుతుంది. అరగంటలో నొక్కగలిగినంతే కలపాలి. రెండోది, 28 రోజుల క్యూరింగ్‌కు ఓపిక ఉండదు. గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండకపోతే అంచులు చేత్తో గీకితే రాలిపోతాయి.

మట్టి కుదరకపోతే ఎర్ర ఇటుకనే ర్యాట్‌ట్రాప్ కట్టుబడిలో వాడండి. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ఈ పద్ధతిలో పావు వంతు ఇటుకలు మిగులుతాయి, పడమటి ఎండ లోపలికి రావడం తగ్గుతుంది. కాకపోతే ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి, కరెంటు పైపులు ఎక్కడ పోవాలో గోడ లేవకముందే తేలాలి. తర్వాత గాడి కొడితే ఇటుక పగులుతుంది. నేలకు తాండూరు బండలున్నాయి. వందల కిలోమీటర్ల నుంచి టైల్స్ తెప్పించాల్సిన పని లేదు. కప్పు మీద తెల్లటి పెంకుముక్కల పరుపు వేసుకోండి, మే నెలలో తేడా అరికాలికే తెలుస్తుంది.

మురుగు, కరెంటు, చెత్త

రోజుకు ఏడు వేల లీటర్ల మురుగుకు మోటార్లతో నడిచే మురుగుశుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) పెట్టొద్దంటాను. ఇరవై ఇళ్లూ ఒకేసారి నిండవు. మొదటి ఏడాది ఆరు ఇళ్లే ఉంటే అందులో సూక్ష్మజీవులకు తిండి చాలక ప్లాంటు కంపు కొడుతుంది, కరెంటు బిల్లు మాత్రం మొత్తం వస్తుంది. దాని బదులు వాలుతోనే నడిచేది కట్టుకోవచ్చు. ముందు బురద అడుగున తేరుకునే తొట్టి (సెట్లర్), తర్వాత అడ్డుగోడల గదులు, రెండూ కలిపి రెండు రోజుల మురుగు పట్టేలా 14,000 లీటర్లు. ఆపైన కంకర తోట, మనిషికి ఒకటిన్నర చదరపు మీటరు చొప్పున వంద చదరపు మీటర్లు, అరవై సెంటీమీటర్ల లోతు, అందులో మెట్టతామర, జమ్ము. నీటిమట్టం కంకరకు ఐదు సెంటీమీటర్లు కిందే ఉండాలి. పైకి కనిపించిందంటే దోమలే. ఉమ్మడి వంటగది సింకుకు జిడ్డు పట్టే తొట్టి పెట్టకపోతే తోట మొదట్లో కంకర ఏడాదిలో మూసుకుపోతుంది. సెట్లర్‌లో బురద రెండు మూడేళ్లకోసారి తీయించాలి. ఆ లారీ వచ్చే దారి నక్షాలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. బయటికొచ్చిన నీళ్లు చెట్లకు నేరుగా పోతాయి, ఫ్లష్‌కైతే వడపోసి క్లోరిన్ కలపాలి. ఆ పైపులకు వేరే రంగు తప్పనిసరి. రంగు లేకపోతే ఐదేళ్ల తర్వాత వచ్చిన ప్లంబర్ వాటిని మంచినీళ్ల పైపుకు కలిపేస్తాడు.

కరెంటు లెక్క చిన్నది. ఇంటికి నెలకు 150 యూనిట్లు, ఉమ్మడి వాడకం 500, మొత్తం 3,500. ఒక కిలోవాట్ సోలార్ నెలకు 120 యూనిట్లిస్తుంది, కాబట్టి ముప్పై కిలోవాట్లు, మూడు వేల చదరపు అడుగుల నీడలేని కప్పు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకున్న ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ. సొసైటీల ఉమ్మడి వాడకానికైతే కిలోవాట్‌కు 18,000. కాబట్టి మీటర్లు విడివిడిగానా, ఒకటేనా అన్నది వైరింగుకు ముందే తేలాలి. మిగిలిన సోలార్ కరెంటును లైనుకిచ్చే నెట్ మీటరింగ్ పెట్టుకున్న మామూలు ఇన్వర్టర్ కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, నడినెత్తిన ఎండున్నా సరే. బోరు మోటారుకు, ఉమ్మడి ఇంటికి మాత్రం బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోండి.

తడిచెత్త రోజుకు పదిహేను, ఇరవై కిలోలు. బయోగ్యాస్ ప్లాంటు పెడితే నెలకు ఒక సిలిండరుకు సమానమైన గ్యాస్ వస్తుంది. నిమ్మతొక్కలు, ఉల్లిపొట్టు, గుడ్డుపెంకులు ఏరే మనిషి రోజూ ఉంటేనే. లేకపోతే నాలుగు కంపోస్టు తొట్లు, ఎండాకుల కుప్ప చాలు.

వెళ్లిపోయేవాళ్లకు

ఇది రాయకుండా మొదటి ఇటుక పెట్టకండి. అమ్మాలనుకున్నవాళ్లు ముందు సంఘానికి రాతపూర్వకంగా చెప్పాలి. సంఘానికి 90 రోజుల గడువు. ఆలోపు ఎదురుచూసేవాళ్ల జాబితాలోంచి ఒకరు కొనాలి, లేదా సభ్యులే కొనాలి. ధర ఎలా కట్టాలో కూడా ఇప్పుడే రాయండి. సంఘం ఒకరిని, అమ్మేవాళ్లు ఒకరిని పెట్టుకుని, ఆ ఇద్దరు వాల్యుయర్లు చెప్పిన ధరల సగటు అనుకోవచ్చు. 90 రోజులు దాటితే బయటివాళ్లకు అమ్ముకోవచ్చు. కొనేవాళ్లు మాత్రం వంట వంతుల కాగితం మీద, మాంసం కాగితం మీద, నీళ్ల కాగితం మీద సంతకం పెట్టి, రెండు ఉమ్మడి భోజనాలకు వచ్చి తిని, ఒకసారి గిన్నెలు కడిగాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్లాలి. రెండిళ్లు ఒకేసారి అమ్మకానికొస్తే ఎవరిది ముందన్నది కూడా రాసుకోండి. ఉత్తరం ముందిచ్చినవాళ్లది.